పాడి వున్న పెరట్లో తేనెపెట్టెలు ఎక్కడ పెట్టాలి?

తేనెటీగల పెంపకం మీద పల్లెటూళ్ళలో ఇప్పుడు చాలామందికి ఆసక్తి కలుగుతోంది. అర ఎకరమో ఎకరమో దొడ్డి, నాలుగు కొబ్బరిచెట్లు, రెండు గేదెలు వున్న ఇల్లయితే ఓ రెండు పెట్టెలు పెట్టుకుందామన్న ఆలోచన రావడం సహజం. రోజూ మేత వెయ్యక్కర్లేదు, పేడ తియ్యక్కర్లేదు. ఇంటికి తేనె వస్తుంది, తోటలో కాపు పెరుగుతుంది. ఇంటిపట్టున వుండే ఆడవాళ్ళు చూసుకోగలిగిన పని కూడాను.

కాని పెట్టె ఎక్కడ పెట్టాలని అడిగితే మాత్రం చాలామంది "పూలచెట్ల దగ్గర, చెట్టు నీడలో, తూర్పు ముఖంగా పెట్టండి" అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ మాటల్లో తప్పేమీ లేదు. పశువులు లేని తోటకి అవి సరిపోతాయి. పాకలో గేదెలు, గుంజకి దూడ వున్న ఇంటికి మాత్రం చాలవు.

ఎందుకంటారా? తేనెటీగలు రేగి మీద పడితే మనం పరిగెత్తి ఇంట్లో దూరి తలుపేసుకుంటాం. కుక్క పారిపోతుంది. కోడి ఏ పొదలోనో దూరుతుంది. పలుపుతో కట్టేసిన గేదె ఎక్కడికి పోతుంది? గింజుకుంటుంది, గుంజ చుట్టూ తిరుగుతుంది, తాడు మెడకి బిగుసుకుంటుంది. అది కదిలినకొద్దీ ఈగలు ఇంకా రేగుతాయి. ఇంటిని నిలబెట్టే పాడిగేదె అలా అయిపోతే ఎన్ని సీసాల తేనె అమ్మితే ఆ నష్టం పూడుతుంది? అందుకని పాడి వున్నవాళ్ళు పువ్వుకన్నా ముందు పలుపుని చూసుకుని పెట్టెకి జాగా నిర్ణయించుకోవాలి.

పువ్వు దూరమైనా ఫరవాలేదు

పెట్టెని పూలమొక్కల పక్కనే పెట్టాలన్న పట్టుదల అక్కర్లేదు. మన నాటు తేనెటీగ మేతకోసం సుమారు కిలోమీటరు దూరం పోయివస్తుంది. ఇటలీ ఈగ అని పిలుచుకునే పెద్ద జాతి రెండు మూడు కిలోమీటర్లు కూడా పోతుంది. రెండెకరాల చదరపు తోటకి ఒక్కో పక్క పొడవు మూడు వందల అడుగులు కూడా వుండదు. అంటే మన స్థలంలో పెట్టెని ఏ మూల పెట్టినా ఈగకి మన తోటంతా వాకిలి కిందే లెక్క. చుట్టుపక్కల కొబ్బరి, కానుగ, కుంకుడు, చింత, వేప, మునగ చెట్లూ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ధనియాల చేలూ వుంటే అవే వెతుక్కుంటాయి. ఈగ మేతకి ఓ వంద అడుగులు అటూ ఇటూ అయినా తేడా రాదు. పశువుకి మాత్రం ఆ వంద అడుగులే ప్రాణం.

పశువంటే ఈగకి ఎందుకు కోపం?

తేనెటీగ ఊరికే వచ్చి కుట్టదు. పువ్వుల మీద వున్నప్పుడు మనం పక్కనుంచి నడిచినా పట్టించుకోదు. దాని కోపమంతా గూటి దగ్గరే. నల్లటి రంగు, బొచ్చు, చెమట వాసన, ముఖాన తగిలే వెచ్చటి ఊపిరి, నేల అదిరే నడక గూటి దగ్గరకొస్తే తేనె దోచుకోడానికి ఏదో జంతువు వచ్చిందనుకుంటుంది. మన గేదెకి ఇవన్నీ వున్నాయి. పైగా తోక విసురుతుంది, చెవులు ఆడిస్తుంది.

ఒక ఈగ కుట్టినచోట ఒక వాసన మిగులుతుంది. మాగిన అరటిపండు వాసనలా వుంటుంది. మిగతా ఈగలకి అది "ఇక్కడే కుట్టండి" అని చెప్పే కబురు. అందుకే ఒకటి కుట్టినచోటే పది వచ్చి కుడతాయి. కుట్టిన ఈగ కొండి పోగొట్టుకుని చచ్చిపోయినా, చర్మంలో వుండిపోయిన కొండి పక్కనున్న విషపు తిత్తి కాసేపు పనిచేస్తూనే వుంటుంది.

"దున్నపోతు మీద వాన కురిసినట్టు" అని సామెత చెప్పుకుంటాం గాని, తేనెటీగలు ముసిరితే దున్నపోతూ తాళలేదు. కిలో బరువుకి సుమారు ఇరవై ఈగలు కుడితే ప్రాణం మీదకి వస్తుందని ఒక అంచనా. ఆ లెక్కన ముప్ఫై కిలోల దూడకి ఆరువందల ఈగలు చాలు. బాగా కుదురుకున్న పెట్టెలో ఈగలు వేలల్లో వుంటాయి. ముక్కులోపల, గొంతులో కుడితే అన్ని కూడా అక్కర్లేదు. వాచి ఊపిరి ఆడదు.

గుర్రం వున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా వుండాలి. మన ఊళ్ళలో జట్కాలు తగ్గిపోయినా పెళ్ళి ఊరేగింపులకి గుర్రాలు పెంచేవాళ్ళు వున్నారు. గుర్రానికి చెమట ఎక్కువ పడుతుంది, బెదురూ ఎక్కువే. ఒక్క ఈగ కుట్టినా కళ్ళెం తెంపుకుని పరుగు తీస్తుంది, ఆ పరుగులో మనిషినీ తొక్కేస్తుంది. గుర్రాన్ని తేనెటీగలు కుట్టి చంపిన సంగతి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ పేరుమీద వున్న జంతువుల గ్రంథంలోనే కనిపిస్తుంది. అంటే ఈ భయం రెండు వేల ఏళ్ళ కిందటిది. అలసి చెమటపట్టి వచ్చిన గుర్రాన్ని పెట్టెల పక్కనుంచి నడిపించకండి. పెట్టెల ముందున్న గడ్డిలో మేతకి వదలకండి.

ముందుగా పశువుల దారి గీసుకోండి

పెట్టెలు తెచ్చేలోపు ఒకరోజు కేటాయించి ఒక కాగితం మీద దొడ్డి బొమ్మ గీయండి. ఇల్లు, పాక, గాడి, కుడితి తొట్టి, గడ్డివాము, బావి లేక బోరు, పేడదిబ్బ, దూడని కట్టే గుంజ గుర్తు పెట్టండి. తర్వాత పొద్దున్న పాలు పితకడం మొదలుకుని సాయంత్రం పాక శుభ్రం చేసేదాకా ఏ పశువు ఏ వేళకి ఎక్కడ వుంటుంది, ఏ దారిన చెరువుకి పోతుంది, ఎక్కడ ఒళ్ళు రుద్దుకుంటుంది, మేకలు ఏ కంచె దూకుతాయి, అన్నీ గీతలుగా వెయ్యండి. పక్కింటివారి ఎడ్లు మన గట్టు మీదుగా పోతుంటే ఆ గీతా వెయ్యాలి. బడిపిల్లలు అడ్డదారిన పోతుంటే అదీ వెయ్యాలి.

ఈ బొమ్మ గీయగలిగేది ఇంట్లో కుడితి పెట్టే మనిషే. చాలా ఇళ్ళల్లో శిక్షణకి వెళ్ళేదీ, పెట్టె కొని తెచ్చేదీ మగవాళ్ళు. తెచ్చిన సాయంత్రం ఖాళీ కనిపించినచోట దింపేసి, మర్నాడు పొలానికి పోతారు. ఆ పెట్టె పక్కనుంచి రోజుకి పదిసార్లు తట్టతోనో చెంబుతోనో నడిచేది ఆడవాళ్ళు. కాబట్టి "జాగా నేను చూపిస్తాను, అక్కడ దింపండి" అని ముందే చెప్పండి. మొహమాటపడాల్సిన విషయం కాదిది.

అన్ని గీతలూ వేశాక ఏ గీతా పోని మూల ఒకటి మిగులుతుంది. పెట్టెల జాగా అదే.

ఎంత దూరం? ఏ ముఖం?

పశువుని కట్టేసే చోటుకి పెట్టె కనీసం యాభై అరవై అడుగుల దూరంలో వుండాలి. స్థలం వుంటే వంద అడుగులు వదలండి. మధ్యలో పాక గోడో, గడ్డివామో, గుబురుచెట్లో అడ్డం వుంటే మరీ మంచిది.

దూరంకన్నా ముఖ్యం గుమ్మం ఎటు వుందన్నది. ఈగలు గుమ్మంలోంచి ఎదురుగా దూసుకుపోయి క్రమంగా పైకి లేస్తాయి. గుమ్మం ముందు పదిహేను ఇరవై అడుగులు వాటి రాదారి. అందులో మనిషిగాని పశువుగాని నిలబడకూడదు. తూర్పు లేక ఆగ్నేయం ముఖంగా పెడితే పొద్దుటి ఎండ గుమ్మంలో పడి ఈగలు పెందలాడే పనిలోకి దిగుతాయి. అలా పెట్టినప్పుడు పశువుల పాక పెట్టెలకి వెనక, అంటే పడమట వైపో ఉత్తరం వైపో వుండేలా చూసుకోండి. పాక తూర్పున వుండి, మరో దారి లేకపోతే, గుమ్మాన్ని దక్షిణానికి తిప్పండి. తూర్పు ముఖం మంచిదే గాని, దానికోసం గేదె ముఖానికి ఎదురుగా గుమ్మం పెట్టకూడదు.

మధ్యాహ్నం ఎండ నేరుగా పడని చోటు కావాలి. వేప, కానుగ నీడ బాగుంటుంది. కొబ్బరిచెట్టు కింద పెడితే కాయలూ మట్టలూ రాలతాయి కనుక రెండు చెట్ల నడిమికి జరపండి. నీళ్ళు నిలిచే పల్లం వద్దు. రాత్రి గుమ్మానికి ఎదురుగా కరెంటు బల్బు వెలిగే చోటూ వద్దు, ఈగలు దీపం చుట్టూ తిరిగి చస్తాయి. దగ్గర్లో చెరుకు గానుగాడి బెల్లం వండుతుంటే అక్కడా వద్దు, పాకంలో పడి చస్తాయి. మిరప, పత్తి చేలకి మందు కొట్టే రోజు ముందే చెప్పమని, వీలైతే సాయంత్రం పూట కొట్టమని పక్కపొలం వారిని అడిగి పెట్టుకోండి.

దడి కడితే సగం బాధ తీరుతుంది

చిన్న దొడ్డిలో యాభై అడుగులు కూడా దొరకవు. అలాంటప్పుడు దడి సాయం చేస్తుంది. గుమ్మానికి ఆరేడు అడుగుల ముందు మనిషి ఎత్తుకి మించి తాటాకు తడికగాని కంపదడిగాని కట్టండి. ఈగలు దాన్ని దాటడానికి గుమ్మంలోంచే నిటారుగా పైకి లేస్తాయి. అవతల నడిచే మనిషికీ పశువుకీ నెత్తిమీదుగా పోతాయి. దడి మీదకి చిక్కుడు పాదో దొండ పాదో ఎక్కిస్తే కూరకి కూర, చాటుకి చాటు. రెండు పక్కలా కూడా ఇలాగే మూస్తే చిన్న గది అవుతుంది. వెనకవైపు మనం వెళ్ళడానికి దారి వుంచుకోవాలి.

స్టాండు ఒకటిన్నర అడుగు ఎత్తుండి, నాలుగు కాళ్ళూ గట్టిగా నాటినట్టుండాలి. కాళ్ళ కింద నీళ్ళు పోసిన మూకుళ్ళు పెడితే చీమలు ఎక్కవు. పెట్టె ముందుకి రవ్వంత వాలుగా వుంటే వాననీళ్ళు లోపలికి పోవు. పెట్టెకీ పెట్టెకీ మధ్య ఆరడుగులన్నా వదలండి. గేదెకి ఒళ్ళు దురద పుడితే స్తంభమా పెట్టా అని చూడదు, రుద్దేస్తుంది. పెట్టె పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకని పశువులు దూరని గట్టి కంచె చుట్టూ తప్పనిసరి.

ఇంకో మంచి పద్ధతి వుంది. ఈగలు రాకముందే ఖాళీ స్టాండు మీద బరువుకి నాలుగు ఇటుకలు పెట్టి ఒక వారం అక్కడే వుంచండి. మేక ఎక్కిందా, ఎద్దు రుద్దుకుందా, పిల్లల బంతి అటు పోయిందా, వానకి నీళ్ళు నిలిచాయా అన్నీ ఆ వారంలోనే తెలిసిపోతాయి.

నీళ్ళ సంగతి మరిచిపోవద్దు

పాడి ఇళ్ళల్లో గొడవంతా తొట్టి దగ్గరే వస్తుంది. ఎండాకాలం ఈగలు నీళ్ళు మోసుకెళ్ళి గూడు చల్లబరుచుకుంటాయి. లోపల పిల్లలు పెరిగేచోట వేడి 34, 35 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం వాటి పద్ధతి. మంచినీళ్ళకన్నా ఉప్పు తగిలిన నీళ్ళంటే వాటికి ఇష్టం. మన కుడితి తొట్టి, పాక కాలవ అందుకే వాటికి ప్రీతి. గేదె తొట్టిలో మూతి పెడితే అంచున వున్న ఈగ పెదవి మీదో ముక్కులోనో కుడుతుంది. మర్నాటినుంచి గేదె తొట్టి దగ్గరికి రాదు. తాగే నీళ్ళు తగ్గితే పాలూ తగ్గుతాయి.

దీనికి మందు ఒకటే. పెట్టె తెచ్చిన మొదటిరోజే, పాకకి ఎదురుదిశలో, పెట్టెలకి ముప్ఫై అడుగుల దూరంలో ఎండ తగిలేచోట ఒక వెడల్పాటి మట్టితొట్టి పెట్టండి. గులకరాళ్ళు, కొబ్బరిపీచు వేసి అవి మునగనంత నీళ్ళు పొయ్యండి. రాళ్ళు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. రోమన్ కవి వర్జిల్ వ్యవసాయం మీద రాసిన కావ్యంలో కూడా తేనెటీగల నీళ్ళలో రాళ్ళు వెయ్యమనీ, ఆవులూ గొర్రెలూ తిరగని చోట గూళ్ళు పెట్టమనీ వుంది. తొట్టి ఒక్కరోజు కూడా ఎండకూడదు. ఈగలు ఒకసారి అలవాటుపడిన నీటిరేవుని అంత తేలిగ్గా వదలవు. కుడితి తొట్టికి మరిగాక మళ్ళించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రెండు మూడు రోజులకోసారి తొట్టి కడిగితే దోమలు పెరగవు. పశువు తాగడం అయ్యాక కుడితి తొట్టి మీద మూత వెయ్యండి.

మన ఇంటిపనులకీ ఓ మాట

బట్టల తీగ పెట్టెల ముందు వుండకూడదు. ఈగలు ఎగురుతూ విసర్జిస్తాయి. తెల్లబట్టల మీద పడ్డ ఆ పసుపుపచ్చ చుక్కలు ఒక పట్టాన వదలవు. మామిడితాండ్ర ఆరబెట్టేటప్పుడు పల్చటి బట్ట కప్పండి. పూలు తక్కువగా వుండే వానాకాలంలో వాకిట్లో బెల్లం పాకం పట్టకండి. మేత దొరక్క అవి తీపికోసం ఎగబడే రోజులవి, కోపం కూడా అప్పుడే ఎక్కువ. పెట్టెల వైపు వెళ్ళేటప్పుడు లేతరంగు నూలుబట్టలు కట్టుకోండి. తలలో పూలు, ఘాటైన సెంట్లు వద్దు.

పెట్టె తెరిచే రోజు

ఎంత మంచి జాగా అయినా తేనె తీసే రోజు ఈగలు కొంత రేగుతాయి. ఆ రోజు పాలు పితికి, కుడితి పెట్టి, పశువుల్ని మేతకి తోలాకే పెట్టె మీద చెయ్యి వెయ్యాలి. ముసురు పట్టినరోజు తెరవకూడదు. ఎండ బాగా కాసి, సగం ఈగలు పనిమీద బయటికి పోయిన వేళ, పది పదకొండు గంటలప్పుడు మంచిది. పొగ కొద్దిగా పట్టండి. గేదెల్ని మళ్ళీ గుంజకి కట్టేముందు ఈగలు సర్దుకున్నాయో లేదో చూసుకోండి. పశువుని తోలడానికి వీల్లేకపోతే పని మరునాటికి వాయిదా వెయ్యండి.

తర్వాత మారుద్దాంలే అనుకోకండి

పీటలా ఇవాళ ఇక్కడా రేపు అక్కడా జరపడానికి తేనెపెట్టె వీలుపడదు. ఈగలు తమ గూటి జాగాని గుర్తుపెట్టుకుంటాయి. పెట్టెని అకస్మాత్తుగా వంద అడుగులు జరిపితే మేతకి పోయినవి పాత జాగాకే వచ్చి గూడు కనిపించక అక్కడే ముసురుతాయి. పాక పక్కన పెట్టి తర్వాత మార్చుదామనుకున్నవారికి అప్పుడు రెట్టింపు చిక్కు. తప్పనిసరైతే రోజుకి అడుగు రెండడుగుల చొప్పున జరుపుకుంటూ పోవాలి. లేదా చీకటిపడి ఈగలన్నీ లోపలికి చేరాక గుమ్మం మూసి, మూడు నాలుగు కిలోమీటర్ల అవతల తెలిసినవారి తోటలో రెండు మూడు వారాలు వుంచి, ఆ తర్వాత కొత్త జాగాకి తేవాలి.

ఒకవేళ రేగితే

ఈగలు పశువు మీద పడితే కర్రలతో కొట్టడం, అరవడం చెయ్యకండి. మీ తలా ముఖమూ దుప్పటితో కప్పుకుని ముందు పలుపు కొయ్యండి. ముడి విప్పే సమయం వుండదు. పాకలో గుంజ పక్కన ఒక కొడవలి ఎప్పుడూ వేలాడదీసి వుంచుకోవడం మంచిది. పశువుని చీకటిగా వున్న కొట్టంలోకో, వరిగడ్డి పొగ వేసిన చోటుకో తోలండి. తర్వాత గోటితోనో కత్తి వీపుతోనో కొండ్లు త్వరగా తీసెయ్యండి. ఎలా తీశామన్నదానికన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. చన్నీళ్ళు పొయ్యండి. ముక్కు, నాలుక, కనురెప్పలు వాస్తున్నా, ఊపిరికి ఎగపోస్తున్నా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

మనుషుల్లో కొందరికి ఒక్క ఈగ కుట్టినా పడదు. ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళు తిరగడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే పసుపూ సున్నమూ అని చూడకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో అలాంటివారు వున్నట్టు ముందే తెలిస్తే పెట్టెల ఆలోచన మానుకోవడమే మంచిది.

జాగా కుదరకపోతే

కాగితం మీద గీతలన్నీ వేశాక ఖాళీ మూల మిగలకపోతే నిరాశపడనక్కర్లేదు. ఊరవతల పశువులు తిరగని మామిడితోటలో చుట్టాలనో స్నేహితులనో అడిగి రెండు పెట్టెలు పెట్టుకోవచ్చు. వారి తోటకి కాపు, మనకి తేనె. లేదా కుట్టని జాతి చిన్న తేనెటీగలు వున్నాయి. కేరళలో వీటిని కుండల్లో, వెదురు బొంగుల్లో పెంచుతారు. తేనె కొద్దిగానే వస్తుంది గాని పాక పక్కన వున్నా భయం లేదు.

పాడీ తేనే రెండూ వున్న ఇల్లు నిండుగా వుంటుంది. ఆ రెంటికీ మధ్య ఎంత ఎడం వుండాలో పెట్టె కొనే ముందే కొలుచుకోండి. ఈగకి రెక్కలున్నాయి, మనకి కాళ్ళున్నాయి. కట్టేసిన పశువు తరఫున ఆలోచించాల్సింది దాన్ని కట్టేసిన మనమే.